సోఫాలో నవ్వు

“కాస్త మెల్లిగా తుడవ్వే అమ్మాయ్, అద్దం మీద గీతలు పడతాయి,” అంది అత్తగారు వీరాయమ్మ వీధరుగు మీంచి.

తుడుస్తున్నది దేవుడి పటం కాదు. ప్రసన్నకుమారి తన ఫోటో తనే తుడుచుకుంటోంది. మామిడికుదురులో ఆ వీధిన ఇంటికో గల్ఫ్ ఫోటో ఉంటుంది. ఒకరి కోడలు రెండు తలుపుల ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంటుంది, ఇంకొకరి కూతురు తనది కాని కారు మీద చెయ్యేసి ఉంటుంది. ప్రసన్నకుమారి మాత్రం మీగడరంగు సోఫాలో కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది. శుక్రవారం దీపం పెట్టాక ఆ పటానికీ గుడ్డ తగలాల్సిందే. చుట్టాలొస్తే అత్తగారు ముందు ఫోటో చూపించి, ఆ తర్వాత మనిషిని పిలుస్తుంది, టీ పెట్టమని.

ఫోటోకి కూర్చున్న ఆ కాస్తలో సోఫా మెత్తనిదో గట్టిదో ఆమెకి తెలియనేలేదు. గల్ఫ్‌లో ఆమె పనిచేసిన ఆ ఇంట్లో పనిమనుషులు నేలమీదే కూర్చోవాలి, అదీ వంటింట్లోనే. పాస్‌పోర్టు మేడం బీరువాలో, వీధితలుపు తాళంచెవి మేడం సంచిలో. పిల్లల బూట్ల దగ్గర్నుంచి ముసలాయన పక్క దాకా సర్దేసరికి, మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. అయినా మాట్లాడుకునేవారు. పక్కనున్న తోటి పనిమనిషి ఐ.పోలవరం శాంతి మరి! వంటింటి గచ్చు మీద ఒకే దుప్పటి కింద పడుకుని ఆ పిల్ల ఆయ్, ఆయ్ అంటుంటే, మన వీధి వీధంతా నడిచొచ్చి పక్కన కూర్చున్నట్టుండేది.

ప్రసన్నకుమారి జబ్బుపడితే, ఇక పనికిరాదని విమానం ఎక్కించేసేరు. శాంతిని పంపలేదు. ఒప్పుకున్న గడువు ఎప్పుడో దాటిపోయింది. ఫోను లాక్కున్నారు కాబోలు, మాటా లేదు, మంచీ లేదు. ఇప్పటికీ నిద్దట్లో ప్రసన్నకుమారి చెయ్యి పక్కకి పోతుంది, దుప్పటి శాంతికి చాలిందో లేదోనని. తగిలేది మొగుడు సురేంద్ర. “ఏంటే?” అంటాడు. ఏం చెబుతుంది? వచ్చినప్పట్నుంచీ ఏం తెచ్చేవని అడిగినవాళ్ళే గానీ, ఎవర్ని వదిలొచ్చేవని అడిగినవాళ్ళు ఇంట్లో లేరు.

అమలాపురంలో మహిళా సంఘం నడిపే లాయరు సుస్మిత ఒక్కతే అడిగింది. అడిగి ఊరుకోలేదు. ఆ దేశంలో ఇలాంటి పనే చేసే సంఘాన్ని పట్టుకుని, శాంతిని విడిపించమని అక్కడి కోర్టులో కేసు వేయించింది. “రెండు దేశాలూ మనిషి మర్యాద కాపాడతామని సంతకాలు పెట్టాయండి ప్రసన్నగారూ. ఆ సంతకాలు రాజధానుల దాకా వెళ్ళి ఆగిపోయేయి. వాటిని ఆ వంటింటి గడప దాటించాలంటే లోపల చూసిన మనిషి చెప్పాలి. చూసింది మీరే కదండీ.”

అయితే చిక్కంతా ఫోటోతోనే వచ్చింది. సురేంద్ర దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టుకుని, “మేడం గారింట్లో మా ఆవిడ, సొంతమనిషిలా” అని రాసుకున్నాడు. ఆ ఇంటివాళ్ళ లాయరు అదే పట్టుకెళ్ళి జడ్జికి చూపించేడు. పనివాళ్ళని ఇలా చూసుకుంటాం, శాంతి కూడా తనకిష్టమయ్యే ఉంటోంది అని.

ఆ వచ్చే సోమవారం సుస్మిత ఆఫీసు నుంచి ఆమె వాంగ్మూలం. బోడసకుర్రు వంతెన ఎక్కేక సురేంద్ర బండి నెమ్మది చేసేడు.

“ఫోటో సంగతడిగితే, అప్పట్లో బానే చూసేవారండి అనెయ్. నేను అడిగి తీయించేనని మాత్రం అనకు. అమ్మ వీధిలో తలెత్తుకోలేదు.”

“మరి శాంతో?”

“ఆవిడకి ఆవిడవాళ్ళు లేరేంటి?”

కింద గోదావరి నిండుగా ఉంది. ఆ ఇంట్లో కిటికీలకి అద్దాలు కూడా నల్లవే. నీళ్ళు చూడాలనుందక్కా, తాగడానిక్కాదు, ఊరికే చూడాలనుంది అనేది శాంతి. ప్రసన్నకుమారి తనకోసం కొంచెం, ఆ పిల్ల కోసం కొంచెం చూసింది.

సుస్మిత గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టేరు. పక్క కుర్చీలో సురేంద్ర. తెరలో జడ్జి, ఆయన పక్కన మాటలు తెలుగులోకి మార్చే అమ్మాయి.

“ఈ ఫోటోలో మీరు సంతోషంగా ఉన్నారు. ఎందుకు నవ్వేరని అడుగుతున్నారండి.”

సురేంద్ర బల్లకింద మోకాలితో పొడిచేడు. బానే చూసేవారండి. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్కమాటంటే అత్తవారింట్లో అన్నం వేడిగా ఉంటుంది. ఆ ఒక్కమాటకే అక్కడ శాంతి మీద ఇంకో తాళం పడుతుంది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర వంద జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఎందుకు నవ్వేవని ఇన్నాళ్ళలో అడిగింది ఈ జడ్జిగారొక్కరే.

“ఆ సోఫాలో మేం కూర్చోకూడదండి,” అంది. “ముందు వంటింట్లో ఫోటో తీసి పంపేనండి. ‘ఇదేం ఏడుపుమొహం, అమ్మ ఎవరికి చూపించుకుంటుంది, మంచిచోట కూర్చుని నవ్వుతూ తీయించుకో’ అన్నారు మా ఆయన. ఆవేళ మేడం వాళ్ళంతా తాళం వేసుకుని పెళ్ళికెళ్ళేరు. కూర్చున్నాను గానీ నవ్వు రాలేదండి. ఫోను పట్టుకున్నది శాంతి. కుడిచేతికి కట్టుంది, ఎడంచేత్తో పట్టుకుంది. అంత నొప్పిలోనూ, ‘ఆయ్, మహారాణీగారూ, తమరు పళ్ళికిలించకపోతే మీ అత్తగారు గోడకి మేకు దిగ్గొట్టించరండి’ అంది. ఆపుకోలేకపోయేనండి. తర్వాత ఇద్దరం కలిసి, కూర్చున్న గుంట కనపడకుండా సోఫా నిమిరేసేం. ఆ నవ్వు ఆ ఇంటిది కాదండి. శాంతిది.”

తెరలో అమ్మాయి అదంతా ఆయన భాషలో చెప్పింది. జడ్జి ముందుకి వంగి ఏదో అడిగేడు.

“కుడిచేతికి కట్టెందుకని అడుగుతున్నారండి.”

సురేంద్ర చటుక్కున లేచేడు. “తీసిన పరువు చాలు. లే, పోదాం.”

ఆమె కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది.

“మీరెళ్ళండి, నేను బస్సులో వస్తాను. శాంతి చెయ్యి ఎవరు కాల్చేరో ఇంకా చెప్పలేదు.”