బఫరు వెనక గూడు

పోలరాజు మూడు పిట్టపిల్లల్ని చంపాడు. నా భార్య వరహాలు బతికుండగానే ఆమె నోట మాట లేకుండా చేశాడు. ఇది జరిగిన విషయం. దీని మీద నాతో వాదనకి ఎవరూ రావద్దు.

నా పేరు తవిటయ్య. జంషెడ్‌పూర్‌లో రైల్వే యార్డు ఫిట్టర్ని. మా ఊరి బడిలో ఐదు దాకా చదివాను. మా పనిలో, చెడిపోయిన వ్యాగన్‌ని పక్కకి లాగి, సుద్దముక్కతో దాని మీద 'సిక్' అని, తారీఖు రాసి, సిక్ లైన్‌లో నిలబెడతాం. బాగుచేశాక అది తుడిచి 'ఫిట్' అని రాస్తాం. మొదటి రాత ఉన్నంతకాలం ఏ ఇంజనూ ఆ బండిని ముట్టుకోదు.

మా క్వార్టరు కిటికీ ఆ లైన్‌కి ఎదురుగా ఉంటుంది. మధ్యలో ఒక మురిక్కాలవ, అంతే.

వరహాలుకి చదువు రాదు. పిట్టలు తెలుసు. ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో వంటింటి గోడ మీద నా చేత సుద్దతో రాయించేది. కార్తీకంలో తోకాడించుకుంటూ వచ్చే ఎర్రతోక పిట్ట. పుష్యంలో పర్సుడీహ్ వైపు చెరువులో దిగే బాతులు. ఫాల్గుణంలో బూరుగుపూల మీద గోరింకల కొట్లాట. జ్యేష్ఠం ఆఖరున వానకి ముందు అరిచే చాతకం. పదకొండేళ్లు రాశాను. వాన తప్పిన ఏడు ఉంది గాని చాతకం తప్పిన ఏడు లేదు.

కాటుకపిట్టల సంగతి ఒక్కటే ఎప్పుడూ సగంలో ఆగేది. ఏటా చైత్రంలో ఒక జంట వచ్చి సిక్ లైన్‌లో ఉన్న ఏదో ఒక బండి కింద గూడు కట్టేది. అది కదిలే వస్తువని వాటికి తెలీదు. గుడ్లు పెట్టాకో, పిల్లలయ్యాకో మేం బండిని బాగుచేసి పంపేసేవాళ్లం. గోడ మీద 'కట్టాయి' అని రాసేవాణ్ని. 'ఎగిరాయి' అని ఒక్కసారీ రాయలేదు.

డెబ్బై తొమ్మిదిలో ఆమె ఒంటికి నీరు పట్టింది. నడవలేకపోయింది. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాను. ఆ చైత్రంలో గూడు ఒక ఖాళీ బొగ్గు వ్యాగన్‌కి, బండీ బండీ ఆనుకునే బఫరు వెనక సందులో పడింది. మంచం మీంచి నేరుగా కనిపించేది.

“మావా, ఈ బండిని ఉంచగలవేటి?” అంది.

“ఎన్నాళ్లు?”

“పిల్లలెగిరీదాకా. పదకొండేళ్లు సూసినాను. ఒక్కపాలి ఎగిరితే సూత్తాను.”

ఇరవై రెండేళ్ల కాపురంలో నన్ను చీర అడగలేదు. పుట్టింటికి తీసుకెళ్లమని అడగలేదు. అడిగింది ఇదే.

ఆ వ్యాగన్‌కి పోయినవి రెండు బ్రేకు బ్లాకులు. ఒక పూట పని. నేను మార్చలేదు. స్టోర్‌లో సరుకు లేదని చెప్పాను. సుద్ద చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దాను. నా సర్వీసులో నేను చేసిన దొంగపని అదొక్కటే. సిగ్గుపడను.

పోలరాజు మా ఊరివాడు, మా గ్యాంగులోనే పని. వాణ్ని ఈ ఊరికి తెచ్చింది నేను. మొదటి ఆర్నెల్లు వాడికి అన్నం పెట్టింది వరహాలు. సొంత అక్కలా ఆమెని అప్పా, అప్పా అని తిరిగేవాడు. వాడికి గూడు సంగతి చెప్పాను.

“బావా, పిట్టలకి క్వార్టర్ ఇచ్చీసినావేటి? ఆరేళ్లైంది, లిస్టులో నా పేరు కదల్లేదు!” అన్నాడు గ్యాంగంతా వినేలా.

అందరూ నవ్వారు. కిటికీలోంచి వరహాలూ నవ్వింది.

“నీకూ బఫరెనకాల సోటుందిరా పోలా, మూటా ముల్లే తెచ్చుకో!” అంది.

గుడ్లు మూడు. పన్నెండు రోజులకి పిల్లలయ్యాయి. పొద్దస్తమానం తల్లీ తండ్రీ కాలవలో పురుగులేరి తెచ్చేవి. ఆమె లెక్కపెట్టేది.

“ఆడది మూడుసార్లు ఎల్తే మగోడు రెండుసార్లే ఎల్తన్నాడు. అచ్చం నీలాగే,” అనేది.

రెక్కలొచ్చాక, ఇంకో మూడ్రోజులకి ఎగురుతాయంది. ఆ రోజు ఆదివారం. నేను ఆమె మందు కోసం పర్సుడీహ్ బజారుకి వెళ్లాను. సిక్ లైన్ నిండిపోయిందని పైనుంచి ఒత్తిడి వచ్చింది. మేస్త్రీ సెలవులో ఉంటే ఆ పూటకి చార్జి పోలరాజుకి ఇచ్చారు. వాడు రెండు బ్లాకులూ వేసి, నా రాత తుడిచి, 'ఫిట్' అని రాశాడు.

నేను వచ్చేసరికి లైన్ ఖాళీ. కాటుకపిట్టలు రెండూ ఉత్త పట్టా మీద అటూ ఇటూ పరుగులు పెడుతున్నాయి. ముక్కుల్లో పురుగులున్నాయి. కొంతదూరం ఎగిరి, మళ్లీ బండి నిలబడ్డ చోటికే వచ్చి వాలుతున్నాయి.

పోలరాజు షెడ్డులో చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు.

“బండేదిరా?”

“గూడ్సు రేకులో ఎల్లిపోనాది బావా. ఆజ్ కా ఆజ్ ఖాళీ కరో, ఇయ్యాలే లైను ఖాళీ సెయ్యాల అన్నారు, నానేటి సేసీది?”

“మూడ్రోజులురా. మూడ్రోజులాగితే ఏటి పోయేది?”

“పిట్టల కోసం నాకొచ్చిన చార్జి పోగొట్టుకోమంటావేటి? పై ఏడు మళ్లీ పెడతాయిలే.”

“పై ఏడు సూడ్డానికి మీ అప్ప ఉంటాదేటి?”

వాడు గుడ్డని ఇటు తిప్పి అటు తిప్పి తుడుచుకుంటూనే ఉన్నాడు.

“గూడు తీసి కింద పెట్టలేకపోయావా?”

“టైము లేదు బావా.”

రెండు బ్లాకులు వెయ్యడానికి ఒక పూట. గూడు తియ్యడానికి ఒక చెయ్యి.

ఇంటికి వెళ్లాను. వరహాలు కిటికీ వైపు చూడటం లేదు.

“పిల్లలెగిరిపోనాయి,” అన్నాను. “ఇంజను రాకముందే. నువ్వు కునుకు తీసుంటావు.”

సుద్దముక్క తీసి గోడ మీద రాశాను.

“ఏటి రాసినావు?”

“ఎగిరాయని.”

“నాను సూత్తానే ఉన్నాను మావా. పోలడు ఇటేపు సూసినాడు. పిలిసినాను. తల దించుకుని బండి కిందకి దూరిపోనాడు. పిట్టల మూతిలో పురుగులు అలగే ఉన్నాయి. ఆ రాత తుడిసీ.”

అరచేత్తో తుడిచాను.

రెండ్రోజులు ఆ జంట పట్టా మీదే తిరిగింది. మూడోరోజు రాలేదు. మంచం జరపమంది. జరిపాను. ఆ తర్వాత మంచినీళ్లు అడగడానికి తప్ప ఆమె నోరు విప్పలేదు. నేను అబద్ధం చెప్పినందుకో, మరెందుకో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. నలభై రోజులు అలా ఉండి, కన్నుమూసింది. ఆ ఏడు చాతకం ఎప్పుడు అరిచిందో నాకు తెలీదు. తరవాత డిపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి గోడకి సున్నం కొట్టారు. వద్దనలేదు.

పదకొండో రోజు భోజనాలకి పోలరాజు వచ్చాడు. ఏడ్చాడు. వాడి ముందు వేసిన విస్తరి తీసి కాలవలో పడేశాను.

ఇప్పుడు వాడు మేస్త్రీ. బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తొమ్మిదేళ్లుగా మనుషుల్ని పంపిస్తున్నాడు. పోనీలే అని నా నోట ఒక్క మాట కావాలట. పిట్టల కోసం ఇన్నాళ్ల పగేటని వచ్చినవాళ్లు నవ్వుతారు.

కిటికీ మూసేశాను. చైత్రంలో కూడా తియ్యను. మీరు అడిగారు, ఒక్కసారికి చెప్పాను. ఇక వాడు వచ్చినా, వాడి పాడె వచ్చినా, ఈ మాట నేను మళ్లీ ఎత్తను.