గుంజ వినని ఆల్బమ్

రాక్ బ్యాండులో ఉన్నవాడు ఎగరాలి, గెంతాలి, జుట్టు విదిలించాలి. మనవాడికి అవేవీ చేతకావు. ఇరవై రెండేళ్లపాటు స్టేజీకి ఎడమవైపు బేస్ గిటారు తగిలించుకుని పాతిపెట్టినట్టు నిలబడ్డాడు. అందుకే బ్యాండులో వాళ్లు అతన్ని గుంజ అన్నారు, ఆ పేరే మిగిలింది. పగలు కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, సాయంత్రాలు బ్యాండు. పెళ్లీ పెటాకులూ లేవు. ఉన్న ఒక్క స్నేహితుడూ ఆ బ్యాండు గిటారిస్టే. అతనూ పోయి రెండు నెలలయింది.

పోయినవాడితో గుంజకు ఆరేళ్లుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వొస్తుంది. ఒకరోజు ఆ గిటారిస్టు, ఈసారి ఆల్బమ్ నేనొక్కణ్ణే చేసుకుంటానురా, ఇంట్లోనే కూచుని అన్నీ నేనే వాయిస్తాను అన్నాడు. అంతే, గుంజకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు పక్కన నిలబెట్టుకుని ఇప్పుడు పూచికపుల్లలా తీసిపారేస్తాడా అని ఒళ్లు మండింది. "చేసుకో. అది నా చెవిన పడితే ఒట్టు" అనేసి వచ్చేశాడు. మొండిఘటం కదా, అన్నంత పనీ చేశాడు. గిటారిస్టు భార్య, గుంజ వదినా అని పిలిచే ఆవిడ, ఆల్బమ్ సీడీ స్వయంగా కొట్టుకు తెచ్చి చేతిలో పెట్టింది. పైన కవరు కూడా విప్పకుండా దాన్ని సూదుల డబ్బాల వెనక పడేశాడు. ఏ కొట్టులోనైనా ఆ గిటారు వినిపిస్తే చాలు, రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు.

ఇప్పుడు డ్రమ్మర్ ఫోన్ చేశాడు. పోయినవాడి జ్ఞాపకంగా కచేరీ పెడుతున్నామని, అతని సోలో ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వాయిద్దామని, బేస్ నువ్వేనని. గుంజ సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక గాని తను ఆ ఆల్బమ్ వినలేదన్న సంగతి గుర్తుకు రాలేదు. ఇంకెవరైనా అయితే వెంటనే వినేవాళ్లు. ఇతను మూడు రోజులు తాత్సారం చేశాడు. ఆ పాటలు బాగుండవేమోనని కాదు అతని భయం. తను లేకుండా కూడా బాగుంటే ఎలా, అని.

నాలుగో రోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి, సీడీ కవరు చించాడు. బాగుంది. ఏం చెయ్యమంటారు, చాలా బాగుంది. గిటారూ అతనే, బేసూ అతనే, డ్రమ్స్ ఏదో మిషను వాయించింది. గుంజ ప్రాణం ఉసూరుమంది. ఇంతలో పాట కింది స్వరాలకు దిగే చోట ఒక్క పిసరు ఆగింది. డిస్కు మీద గీత పడిందేమో అనుకున్నాడు. రెండో పాటలోనూ అలాంటి చోటే ఆగింది. నాలుగో పాటలోనూ అంతే. అయిదోది సగంలో ఆపేసి, గుంజ తన ఎడమచేతి వంక చూసుకున్నాడు.

ఆ సంగతి చెప్పాలి. వాళ్లిద్దరూ విడిపోవడానికి పదకొండేళ్ల ముందు, ఆ కొట్టు షట్టరే గుంజ ఉంగరం వేలి మీద పడింది. నయమైపోయిందని అందరికీ చెప్పాడు గాని నయం కాలేదు. లావు తీగ మీదికి దిగేటప్పుడు ఆ వేలు రెప్పపాటు ఆలస్యంగా వంగుతుంది. ఆ ఆలస్యం ఒక్కరికీ దొరకలేదు. ఎందుకంటే గిటారిస్టు ప్రతిసారీ ఆ రెప్పపాటు ఆగేవాడు, డ్రమ్మర్ అతన్నిబట్టి వాయించేవాడు. గుంజా, గిటారిస్టూ దాని గురించి ఏనాడూ ఒక్క మాటైనా అనుకోలేదు. ఇప్పుడు చూస్తే ఇంట్లో, పక్కన ఎవరూ లేని గదిలో కూడా, వాడు ఆగాడు.

గుంజ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మిషను కోసం వచ్చినావిడతో కంట్లో నూనె పడిందన్నాడు.

ఏడుపు తగ్గాక అనుమానం పట్టుకుంది. పదకొండేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటది ఆగిందా, తనకోసం ఆగిందా? ఇప్పుడు ఎవరినడగాలి?

రిహార్సల్లో మరో తంటా వచ్చిపడింది. డ్రమ్మర్ పాటలన్నింటికీ కంప్యూటర్లో తాళం కట్టుకొచ్చాడు, చెవుల్లో టిక్కు టిక్కుమని కొట్టేలాగ. ఆగిన చోట్లన్నీ చదును చేసేశాడు. ఒంటరిగా వాయించేసరికి వాడి చెయ్యి కాస్త జారింది పాపం, ఆ లోపాలు నలుగురి ముందూ ఎందుకు అన్నాడు. నిజం చెప్పాలంటే గుంజ తన అవిటితనం ఒప్పుకోవాలి. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపాడు. మూడో రోజు ఆ టిక్కుటిక్కే అతన్ని పట్టించింది. డ్రమ్మర్ వాయించడం ఆపి, గుంజా, వెనకబడుతున్నావు అన్నాడు.

"వెనకబడేది ఎప్పుడూ నేనే. ఆ లోపం వాడిది కాదు, నాది" అన్నాడు గుంజ. ఎడమచెయ్యి చాపి, వంగని వేలు చూపించాడు.

డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పదకొండేళ్లు నీ వెనకే కూచున్నాను, నాకు చెప్పలేదేం అని అడిగాడు. చెబితే తీసేస్తారని భయం అన్నాడు గుంజ. డ్రమ్మర్ కంప్యూటర్ ఆపేశాడు. పోయినవాడి చోట వాయించడానికి వచ్చిన కొత్త గిటారిస్టు, మంచి లెక్క మనిషి, ఎంతసేపు ఆగాలండీ అని అడిగింది. లెక్క లేదమ్మా, వాడు నా చెయ్యి చూసేవాడు అన్నాడు. ఆమె తన కుర్చీ అతని చెయ్యి కనబడేలా జరుపుకుంది.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. ఆగాల్సిన ప్రతిచోటా ముగ్గురూ కలిసి ఆగారు. ఆల్బమ్ అరిగేలా విన్నవాళ్లు ముందు వరసల్లో కళ్లు తుడుచుకున్నారు. అయిపోయాక పక్క గదిలో గుంజ వైర్లు చుడుతుంటే వదిన వచ్చింది. ఇంకెవర్నీ అడగలేడు కనుక ఆవిడనే అడిగాడు, ఆ ఆగడం వాడికి అలవాటు కొద్దీ వచ్చిందా అని.

"అలవాటేమిటి? ముందు ఎక్కడా ఆగకుండానే రికార్డు చేశారు. అదంతా చెరిపేసి, మళ్లీ మొదట్నుంచీ వాయించారు. వాడు వింటే తెలుసుకుంటాడు, వచ్చేస్తాడు అన్నారు."

గుంజ మొహం విప్పారింది. ఆరేళ్లలో అంత సంతోషం అతనికి కలగలేదు. వదిన మాత్రం తలెత్తలేదు.

"విన్నాడా, విన్నాడా అని నన్ను రోజూ వేధించేవారు. మీరు కవరు కూడా విప్పలేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. విన్నారు, చాలా బాగుందన్నారు అని చెప్పేశాను."

"వాడేమన్నాడు?"

"ఆగిన చోట్ల గురించి ఏమన్నా అన్నాడా, అనడిగారు. ఆ ఆగడం దేనికో నాకేం తెలుసు? ఏమీ అనలేదన్నాను. సరేలే అన్నారు. ఆ తర్వాత మీ ఊసెత్తలేదు."

నువ్వు మంచికే చెప్పావు వదినా అన్నాడు గుంజ. ఆవిడ వెళ్లిపోయాక చుట్టిన వైరు విప్పి మళ్లీ చుట్టాడు. గదిలో ఎవరూ లేరు. నేను వినలేదురా, అన్నాడు పైకే. అప్పుడే వినుంటే ఆ పూటే వచ్చేవాణ్ణి, అన్నాడు.