డ్రైవర్ సహా

హఫీజా కంప్యూటర్ ముందు నుంచి లేచి నిలబడిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అవే అంకెలు!

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్కల పదేళ్ళలో జరిగిన ఫ్యాక్షన్ హత్యల మీద కథనం కావాలని హెడ్డాఫీసు అడిగింది. ప్రొద్దుటూరు విలేకరి హఫీజా పాత పేపర్లన్నీ తిరగేసి, చచ్చిన ప్రతి మనిషినీ కంప్యూటర్‌కు ఎక్కించింది. తేదీ, ఊరు, పేరు, చేసే పని. ఏ పార్టీవాళ్ళు ఎక్కువ పోయారో తేలుతుందనుకుంది. రెండు పార్టీలూ కాచుకుని కూర్చున్నది దానికోసమే కదా! తీరా 'చేసే పని' ప్రకారం వరస మార్చి చూస్తే, నాయకులూ కాదు, వాళ్ళ కుడిభుజాలూ కాదు, అందరికంటే ఎక్కువగా పోయింది డ్రైవర్లు. కోర్టు వాయిదాకు పోయే బండి ఆగాలంటే మొదటి బాంబు స్టీరింగ్ దగ్గరే పడాలి మరి. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగాయని ఊరికే అన్నారా?

అంతకంటే ఘోరం పక్క గడిలో ఉంది. ఆ డ్రైవర్లలో సగానికి పైగా మందికి పేరే లేదు. 'డ్రైవర్ సహా ముగ్గురి హత్య.' 'డ్రైవర్ సహా ఐదుగురు.' నాయకుడి తాత పేరు కూడా వేసిన పేపరు, బండి తోలినవాడి పేరు వేయలేదు. ఛీ, వాటిలో కొన్ని వార్తలు హఫీజా చేత్తో రాసినవే!

ఆమె తమ్ముడు మున్వర్ బాడుగ జీపు తోలుతాడు. తెల్లవారితే ఒక నాయకుడి మనుషులను జమ్మలమడుగు కోర్టుకు తీసుకుపోవాలి.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభసే అయింది.

"నాకెవురున్నారు ఆపా పగోళ్ళు? స్టీరింగు పట్టుకునేటోనితో ఎవురికేం పని?" అని నవ్వాడు మున్వర్.

"వీళ్ళకూ ఎవురూ లేరు రా! చూడు!" అచ్చు తీసిన కాగితాలు వాడి ముఖాన కొట్టినంత పని చేసింది హఫీజా. "పేరు గూడా మిగల్లేదు. నువ్వు పోతే నా మీద ఒట్టే!"

మున్వర్ చదివాడు. వాడి నవ్వు ఆగిపోయింది. "ముద్దనూరు దావలో పోయింది మన స్టాండు బాబయ్య గదా? వాని పేరు లేదేంది?" అన్నాడు. కాగితాలు మడిచిచ్చి, "సరేలే ఆపా, పోను" అన్నాడు.

హఫీజాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఇంకో మాట అడగాలని తోచనే లేదు.

మర్నాడు ఆఫీసుకొచ్చి కూర్చుందో లేదో ఫోన్ మోగింది. జమ్మలమడుగు విలేకరి చెన్నకేశవులు.

"మేడం, రాసుకోండి. కోర్టుకొచ్చే జీపు మీద బాంబులేసినారు. డ్రైవర్ సహా ముగ్గురు."

"ఎవరి జీపు?"

చెప్పాడు. మున్వర్ తోలే జీపే! యా అల్లా, నా తమ్ముడు బతికాడు! నా లెక్కే వాణ్ణి బతికించింది! కళ్ళనీళ్ళు జలజలా కారాయి. అవి తుడుచుకున్నాక గానీ ఆమెకు రెండో మాట తట్టలేదు.

"మరి... పోయిన డ్రైవర్ ఎవరు?"

"యాడ మేడం, గుర్తుపట్టేట్టు లేడు. పోలీసోళ్ళకే తెల్దు. ఎప్పుడూ ఇట్లనే గదా రాసేది?"

ఫోన్ పెట్టేసేసరికి మున్వర్ ఆఫీసులోకి ఉరికొచ్చాడు. జీపుల స్టాండులో విన్నాడట. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎర్రన్న ఆపా! నా బదులు ఎర్రన్నను పంపిచ్చినా. నువ్వే గదా నన్ను పోవద్దన్యావు!"

హఫీజా తమ్ముణ్ణి ఆపింది గానీ జీపును ఆపలేదు. ఎవడో ఒకడు దాన్ని తోలక తప్పదని, ఇన్ని లెక్కలు వేసిన మనిషికి తట్టకపోవడమేమిటి!

"వాని పూర్తి పేరేంది?" అంది.

"ఏమో. ఎర్రన్నా అనే అంటాం. గొర్లోళ్ళ పిల్లోడు. ఊరి బయట వాళ్ళమ్మ సుంకులమ్మతో ఉంటాడు."

ఈసారి ఆ గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదనుకుంది హఫీజా. పోలీసులకు చెప్పి రమ్మని తమ్ముణ్ణి పంపి, తాను సుంకులమ్మ ఇంటికి బయలుదేరింది. ఈపాటికి కబురు చేరి ఉంటుంది, వాకిలి నిండా జనం ఉంటారు, ఎవరినో ఒకరిని పక్కకు పిలిచి పేరు అడగవచ్చనుకుంది. దారంతా ఏడుపులు వినడానికే గుండె రాయి చేసుకుంది.

వాకిట్లో జనం లేరు. సుంకులమ్మ ఒక్కతే కూర్చుని గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తోంది. పోలీసులకే తెలియని పేరును ఈ ఇంటికి ఎవరు మోసుకొస్తారు?

"ఎవురమ్మా?"

"మున్వర్ వాళ్ళ అక్కను. పేపరాఫీసు నుంచి..." చెప్పవలసింది ఒకటి, నోట్లోంచి ఊడిపడింది ఇంకొకటి. "ఎర్రన్న పూర్తి పేరేందమ్మా?"

సుంకులమ్మ ముఖం చేటంతయింది. "మా వాని పేరు పేపర్లో ఏస్తారా? మల్లెల చిన్న ఎర్రన్న. చిన్న అనేది ఇడిసిపెట్టొద్దు తల్లీ, పెద్ద ఎర్రన్నంటే వాళ్ళ జేజినాయన, మా మామ. నీ తమ్ముడు శానా మంచోడమ్మా. మావోనికి మొదటి బాడుగ ఆ పిల్లోడే ఇప్పిచ్చినాడు!"

హఫీజా ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఒక మాట చెప్పల్ల..."

"ఉండుండు, ఫోటో గూడా గావల్ల గదా!" సుంకులమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. కొంగుతో తుడుచుకుంటూ చిన్న ఫోటో ఒకటి తెచ్చి హఫీజా చేతిలో పెట్టింది.

"లైసెన్సుకని తీపిచ్చినాడు. దీంట్లో నవ్వలేదమ్మా. మాపటికి వస్తాడు గదా, నవ్వేది ఇంకోటి తీసుకోండి."