అట్ట మీద పోతమ్మ

మైదా జిగురు ఉడుకుతున్నంతసేపూ గంగాభవాని గరిటె ఆపదు. ఆపితే ఉండ కడుతుంది. ఉండ కట్టిన జిగురుతో అంటించిన పుస్తకం మూడు నెలలు తిరక్కుండానే నోరు తెరుస్తుంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి మళ్లీ తిప్పింది. ఆ నీలం ఆమె గోళ్ల చివర నలభై ఏళ్లుగా ఉంది. సూది తోసీ తోసీ కుడి బొటనవేలు కాయ కట్టింది. కళ్లజోడు కాడ విరిగితే బైండింగు దారమే చుట్టుకుంది.

మద్దిలపాలెంలో దేవీప్రసాద్ గారి మేడ మీది గది అది. ఆయన పాత డిటెక్టివ్ నవలలు, వారపత్రికలు పోగేస్తాడు. చదవడానికి కాదు, అట్టల మీది బొమ్మల కోసం. పిస్తోలు పట్టుకున్న అమ్మాయిలు, మేడ మెట్ల మీద జడుసుకున్న అమ్మాయిలు గోడల నిండా అద్దాల వెనక నిలబడి ఉంటారు. లోపల కథ ఏమిటని అడిగితే ఆయనకే తెలియదు. చిరిగినవి కుట్టి, అంటించి పెట్టడానికి గంగాభవాని వారానికి మూడు రోజులు వస్తుంది.

ఆవిడ ఇంట్లోనూ మంచం కింద ఒక ట్రంకుపెట్టె నిండా అట్టబొమ్మలున్నాయి. పేవ్‌మెంట్ల మీదా పాత కాగితాల కొట్లలోనూ ఏరుకున్నవి. ఒక్కొక్కదాని మీదా తను ఒకప్పుడు అంటించిన కాగితాన్ని తడిపి, జాగ్రత్తగా ఊడదీసి దాచుకుంది.

చిన్న వాల్తేరులో వీర్రాజు అద్దె లైబ్రరీలో ఆమె పని అదే మరి. అట్ట మీద ఆడమనిషి ఉంటే మెడ కింద నుంచి నడుం దాకా బ్రౌను కాగితం పడాల్సిందే. సంసారులు వచ్చే చోటని వీర్రాజు అందరికీ చెప్పేవాడు. అంతా బూటకం. కాగితం పడ్డ పుస్తకమే ముందు అద్దెకి పోయేది. కింద ఏముందో అని మగాళ్లు గోళ్లతో గీకేవాళ్లు. గంగాభవాని అంటించింది ఊడి చస్తుందా? వాళ్ల గోళ్లే విరిగేవి. ఆ పనితనం చూసి అప్పట్లో ఆమె మురిసిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

గంగాభవాని స్నేహితురాలు, జాలారిపేట పోతమ్మ రోజూ ఆ వీధిలోకే చేపల బుట్టతో వచ్చేది. బోర్డులు రాసే పెయింటరొకాయన ఆమెను అరుగు పక్కన నిలబెట్టి బొమ్మ గీసుకున్నాడు. ఆర్నెల్లకి అది ఒక నవల అట్ట మీద వచ్చింది. ఒడ్డున నురుగులో నిలబడి, రెండు చేతులతో కానాగడత చేపల బుట్టని గుండెలకి ఆనించి పట్టుకున్న పోతమ్మ. నిండు రవికె. తప్పుపట్టడానికి ఏమీ లేదు.

"బుట్ట అడ్డం ఉంది కదండీ, దీనికెందుకు కాగితం?" అని గంగాభవాని అడిగింది కూడా.

"నీకెందుకు? అంటించమంటే అంటించు," అన్నాడు వీర్రాజు.

అంటించింది. బుట్ట, రవికె, చేతులు అన్నీ కాగితం కిందికి పోయాయి. పైన తడిసిన జుట్టు, మొహం, కింద పిక్కలు మిగిలాయి. మిగతాది పేటలో మగాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుకున్నారు. పోతమ్మ బట్టల్లేకుండా బొమ్మ గీయించుకుందట అన్న మాట సాయంత్రానికల్లా ఒడ్డు చేరింది. నలుగురు కర్రలు పట్టుకుని లైబ్రరీ మీదికొస్తే వీర్రాజు ఆ పుస్తకాన్ని అటక మీద పడేసి, అలాంటిదేదీ లేదన్నాడు. లేని పుస్తకాన్ని ఎవరు చూపిస్తారు?

పోతమ్మ మొగుడు గురువులు ఆమెను కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. మాటాడ్డం మానేశాడు. నలభై ఏళ్లు ఏం చెప్పినా పిల్లలతో చెప్పించాడు. "మీ యమ్మని కూడెట్టమను" అనేవాడు, ఆమె ఎదురుగానే కూర్చుని. పిల్లల పెళ్లిళ్లయ్యాక కోడళ్లతో చెప్పించాడు. గంగాభవాని ఒకసారి ధైర్యం చేసి వెళ్లి, కాగితం కింద ఉన్నది బుట్టేనని చెప్పింది. "నువ్వు దాని జట్టుదానివే కదా" అని అతను లేచి వెళ్లిపోయాడు. ఆ పుస్తకం మళ్లీ గంగాభవాని కంటపడలేదు.

ఇప్పుడు పోతమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇవాళో రేపో అన్నట్టుంది.

జిగురు దించి, గంగాభవాని ఆ రోజొచ్చిన గోనెసంచి విప్పింది. వీర్రాజు కొడుకులు అటక ఖాళీ చేసి అమ్మిన సరుకు. పైనుంచి పదకొండో పుస్తకం పోతమ్మ. బొద్దింకలు అంచులు కొరికాయి గానీ మొహానికి ఏమీ కాలేదు. ఇరవై రెండేళ్ల మొహం. కాగితం ఒక్క మూల కూడా లేవలేదు.

అట్టని కొంగుతో తుడిచింది. తర్వాత దేవీప్రసాద్ గారిని పిలిచింది. "ఈ కాగితం తీసి, ఒక్క పూట నాకియ్యండి బాబూ. రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తాను."

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "కాగితం తియ్యడమేంటండీ! అసలు విలువంతా దాంట్లోనే ఉంది. అది ఒరిజినల్ సెన్సార్! వచ్చే నెల బీచ్ రోడ్డులో ఎగ్జిబిషన్ పెడుతున్నాను. పేరు కూడా పెట్టేశాను, ముసుగు సుందరులు అని."

"దీని కింద ఏమీ లేదండి. చేపలబుట్ట."

"మీకెలా తెలుసు?"

"అంటించింది నేనే."

ఆయన రెండు చేతులూ జోడించాడు. "భవాని గారూ! ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ! కాగితం మీద మీ సంతకం కావాలి. పుస్తకం పట్టుకుని ఒక ఫొటో. ఉండండి, ఫోను తెస్తాను."

సంతకం! ఒక మనిషి నోరు నొక్కేసిన కాగితం మీద తను పేరు రాయాలట. దాన్ని లైట్ల కింద పెట్టి, టీ తాగుతూ జనం చూస్తారట. అప్పుడు వీర్రాజు చేసిన పనికీ ఇప్పుడు ఈయన చేసే పనికీ తేడా ఏమిటో ఆమెకి ఎంత ఆలోచించినా తెలియలేదు. వీర్రాజు కనీసం దాన్ని కళ అనలేదు.

ఆమె గుడ్డ తడిపి, పిండి, కాగితం మీద పరిచింది. తన జిగురు సంగతి తనకి తెలుసు. ఎంత గట్టిదైనా నీళ్లకి లొంగుతుంది. వంద లెక్కపెట్టి, మడతలు నొక్కే ఎముక రేకు అంచుని కిందికి పోనిచ్చి, మూల నుంచి మెల్లగా లాగింది. ఆయన ఫోను పట్టుకుని వచ్చేసరికి కాగితం ఒక్క ముక్కగా ఊడొచ్చింది. దాని కింద రంగులు కొత్తగా ఉన్నాయి. కానాగడతల వీపుల మీద పచ్చటి చారలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు.

"ఏం చేశారండీ! నాశనం చేశారు! నాశనం!"

తడి కాగితాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. "ఇదిగో మీ ఒరిజినల్. మీకు కావలసింది ఇదే కదా. పుస్తకం రేపు తెస్తాను."

"రేపు పనికి మాత్రం రాకండి!" అని ఆయన మెట్ల మీద నుంచి అరిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కింది.

జాలారిపేటలో ఆ ఇల్లు రెండు గదులు. పోతమ్మని ముందుగదిలో గోడవారగా పడుకోబెట్టారు. గురువులు గుమ్మం దగ్గర ఎప్పటిలాగే వీధివైపు మొహం పెట్టి కూర్చున్నాడు. పోతమ్మ కళ్లు తెరిచి, గంగాభవాని పట్టుకున్న అట్టకేసి చాలాసేపు చూసింది.

"ఒలే భవానీ, ఊడదీయడానికి నలబై ఏళ్లు పట్టిందేటే నీకు?"

గంగాభవాని ఆమె పక్కనుంచి లేచింది. పుస్తకం తీసుకెళ్లి గురువులు కళ్లెదుట పెట్టింది. "చూడు బావా. ఇవాళ నేను కోపం మీదున్నాను. చూడకుండా లేచావంటే ఊరుకోను."

అతను చూశాడు. బొమ్మని దగ్గరికి తీసుకున్నాడు, దూరం పెట్టాడు. బుట్ట మీద వేలు పెట్టి అల్లిక వెంబడి పోనిచ్చాడు.

"ఇది మా బుట్టే. బీమిలి సంతలో నానే కొన్నాను." పోతమ్మ పడుకున్న గోడవైపు తిరిగాడు. ఇంట్లో కోడలుంది, మనవలున్నారు. వాళ్లెవరినీ పిలవలేదు. "పోతా, ఈ ముక్క నాకు సెప్పలేదేటి?"

పోతమ్మ మోచేతి మీద లేవబోయింది. ఆయాసంతో ఒక్కొక్క మాటా విడిగా వచ్చింది.

"సెప్పినాను. నాను సెప్పినాను, మా యమ్మ సేత సెప్పించినాను, ఇది వొచ్చి సెప్పింది. కాయితమ్ముక్కని నమ్మినావు. ఇప్పుడు బొమ్మని నమ్ముతన్నావు. మనిసి సెప్తే ఇనవేటిరా నువ్వు?"

నలభై ఏళ్లలో మొగుణ్ణి ఆమె నిలదీసిన మొదటి మాటలు అవి. అని, గోడవైపు తిరిగి పడుకుంది.

గురువులు పుస్తకాన్ని పక్కన పెట్టాడు. తర్వాత లేచి, వంటగదిలో ఏదో కింద పడేసి, స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆ ఇంట్లో అతను ఎవరికైనా నీళ్లు అందివ్వడం కోడలు ఎప్పుడూ చూడలేదు. "పోతా, కాసిన్ని తాగు," అన్నాడు. పోతమ్మ ఇటు తిరగలేదు. మళ్లీ అడిగాడు. గంగాభవాని చూస్తూ కూర్చుంది. తాగమని స్నేహితురాలికి చెప్పలేదు, చెప్పాలని అనిపించలేదు.

సాయంత్రం నాలుగు దాటాక ఆ ఆయాసం ఆగింది. ముందు కోడలు గమనించింది. పేట ఆడవాళ్లు వచ్చారు, ఏడుపులు లేచాయి, పోతమ్మని బయటికి తెచ్చి తాటాకుల చాప మీద పడుకోబెట్టారు. గురువులు పక్కన కూలబడి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

ముందుగదిలో, ఖాళీ పడక పక్కన, నేల మీద స్టీలు గ్లాసు అంచు దాకా నీళ్లతో ఉంది.