తెర వెనక కాలు

ఏజెన్సీ మొత్తానికి, అనంతగిరి నుంచి ఒరిస్సా సరిహద్దు దాకా, గిటారు చేత పాట పాడించిన మొదటి కాలు నాదే. అరకులో పెడలు నొక్కితే ఆ 'వా' అన్న శబ్దం సొరంగాలన్నీ దూరి టైడా స్టేషన్‌లో తేలిందనీ, అక్కడి స్టేషన్ మాస్టరు టైంటేబుల్లో లేని బండేదో వస్తోందనుకుని పచ్చజెండా పట్టుకుని పరిగెత్తాడనీ చెబుతారు. చెప్పేది నేనే అనుకోండి.

1982 నాటి సంగతి. మా నాన్న శృంగవరపుకోట నుంచి కొండెక్కి వచ్చి అరకులో కిరాణా కొట్టు పెట్టాడు. సంత రోజున కొండవాళ్లు తెచ్చే వలిసెలనే నూనెగింజలు, చింతపండు, పసుపు తూచి కొనడం నా పని. తక్కెడ వదిలితే గిటారు పట్టేవాణ్ణి. ఆ ఏడు రైల్వే కాలనీ వార్షికోత్సవంలో ధింసా పాట గిటారు మీద వాయిస్తానని గొప్పగా ఒప్పుకున్నాను. ధింసా అంటే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, వరసంతా ఒకేసారి వంగుతూ లేస్తూ ఆడే ఆట. దానికి మోరి అని సన్నాయిలాంటిది ఊదుతారు. అది నోరు మూసి తెరిచి 'వా' అని ఏడ్చినట్టు పలుకుతుంది. గిటారులో ఆ ఏడుపు రావాలంటే పెట్టె ఉండాలన్నాడు మల్లేశు. అతను విశాఖపట్నం హార్బరు దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. ఓడల మీద వచ్చిన వాళ్ల దగ్గర కొన్న పెట్టెలు మూడు నా ముందు పెట్టాడు.

"ఇది వా పెడలు. కాలితో తొక్కాల. మడమ నొక్కితే నోరు మూస్తాది, వేళ్లు నొక్కితే తెరుస్తాది. ఇది ఆటో వా. కాలక్కర్లేదు, దానంతటదే మూస్తా తెరుస్తా ఉంటాది. ఎంత బేగి కావాలో ఈ మర తిప్పి పెట్టుకోవాల. ఇది ఎన్వలప్ ఫిల్టరు. ఇది నీ సెయ్యి ఇంటాది. గట్టిగా మీటితే నోరు బాగా తెరుస్తాది, మెల్లగా మీటితే గొణుగుతాది."

"ఏది మంచిది?"

"నీ సేతిని, నీ కాలిని అడగాల గానీ నన్నడుగుతావేటి. మూడూ ఒట్టుకెళ్లు. వారంలో రెండు తిరిగి తెచ్చీ."

కొట్టు వెనక గోడౌన్లో, గోనెబస్తాల మధ్య పరీక్ష మొదలుపెట్టాను. ముందు ఎన్వలప్ ఫిల్టరు. నాది తక్కెడ పట్టిన చెయ్యి, ఏ స్వరాన్నైనా ఒకే బరువున మీటుతుంది. దాంతో ఆ పెట్టె పాట పొడుగునా ఒకే మాదిరి నోరు తెరిచి, ఆవులించినట్టు పలికింది. తరవాత ఆటో వా. మర తిప్పి పెట్టిన వేగంలోనే అది ఊగుతుంది. ధింసా అలా నడవదు. వరస మలుపు తిరిగేటప్పుడు పాట నెమ్మదిస్తుంది, తిరిగాక పరుగెత్తుతుంది. నేను ఆగితే పెట్టె ఆగదు, నేను పరుగెత్తితే అది రాదు. మిగిలింది వా పెడలు. కాలు కదిపితే చెయ్యి మరిచిపోయేది, చెయ్యి కదిపితే కాలు నిద్రపోయేది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా రెండింటికీ మాటల్లేవు.

ఆ అవస్థలో ఉండగా చిన్నమ్మి వచ్చింది. డుంబ్రిగుడ అవతల కొండమీది ఊరు ఆమెది. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల ఊరి ధింసా వరసలో అందరికంటే ముందు నిలబడే మనిషి. వలిసెల మూట దించి, తూకం వేస్తానేమోనని కాసేపు చూసింది.

"వరాలు బాబూ, నీ కాలికి సెవుడా?" అంది.

"నీ కాలికి వినబడుతుందేమో తొక్కు మరి" అన్నాను వెక్కిరింతగా.

ఆమె కూర్చుని ఉత్త పాదం పెడలు మీద పెట్టింది. నేను మీటాను. రెండు వరసలు తిరిగేసరికి మోరి ఊదేవాడెవడో బస్తాల చాటున దాక్కున్నట్టు గిటారు ఏడ్చింది. నేను నెమ్మదిస్తే నెమ్మదించింది, పరుగెత్తితే నాకంటే అరక్షణం ముందే పరుగెత్తింది.

"ఇందులో ఏటుంది బాబూ? వరస వంగితే మూయాల, లేస్తే తెరవాల."

మొదట్లో కాలు నాదే అన్నాను కదా. కాదు లెండి. గిటారు నాది, కాలు ఆమెది. పాట కూడా వాళ్లదే. పెడలు ఉంచేసుకున్నాను.

"వార్షికోత్సవం రోజున కూడా నువ్వే తొక్కాలి" అన్నాను.

"తొక్కితే ఏటిత్తావు?"

"ఏం కావాలి?"

"మైకులో నా పేరు సెప్పాల. తొక్కినది సిన్నమ్మి అని. మా ఊరోళ్లు వత్తారు."

"అంతేనా?"

"అంతే. గట్టిగా సెప్పు. మా అత్తకి సరిగా ఇనపడదు."

చెబుతానన్నాను.

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడింటికి. బల్లలు కలిపి వేదిక వేశారు, వెనక నీలం తెర కట్టారు. నా పక్కన చిన్నమ్మికి ముక్కాలిపీట వేయించాల్సింది. వేయించలేదు. "తెర వెనక కూర్చో, శబ్దం బాగా వస్తుంది" అన్నాను. ఆమె నమ్మింది. పెడలు తీగను తెర కిందనుంచి పంపి, మల్లేశుకి ఇంకా తిరిగివ్వని ఆటో వా పెట్టెను నా ముందు పెట్టి దానిమీద బూటు ఆనించాను. ఎందుకు పెడుతున్నానో నాకే తెలియనట్టు పెట్టాను.

పాట అయ్యింది. చప్పట్లు ఆగలేదు. వాల్తేరు నుంచి వచ్చిన ఆఫీసరు మైకు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఆ ఏడుపు ఎలా తెప్పించావయ్యా?"

"కాలితో సార్."

"భలే కాలు. ఎవరు నేర్పారు?"

ముందు వరసలో నేలమీద చిన్నమ్మి ఊరివాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా మూతికేసే చూస్తోంది.

"ఎవరూ లేరు సార్. అభ్యాసం" అన్నాను.

లౌడు స్పీకరు ఆ మాటను కొండ దాకా తీసుకెళ్లింది. తెర నాకు జానెడు దూరంలో ఉంది.

ఆఫీసరు ఇంకొకటి వాయించమన్నాడు. మొదలుపెట్టాను. మలుపు దగ్గర చిన్నమ్మి కాలు తీసేసింది. గిటారు తడిగోనెలో చుట్టినట్టు మూగబోయింది. నేను ఖాళీ పెట్టెను బూటుతో దబదబా తొక్కుతున్నాను. "దానికి తీగే లేదురా" అని ఒక గుంటడు అరిచాడు. కాలనీ అంతా నవ్వింది. దిక్కులేక తెర ఎత్తి, "తొక్కినది చిన్నమ్మి" అని మైకులో మూడుసార్లు అరిచాను. ముసలమ్మ చెవి మీంచి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇన్నేళ్లూ ఈ కథ ఇక్కడే ఆపాను. వినేవాళ్లు నా బూటును తలుచుకుని నవ్వేవాళ్లు, నేనూ వాళ్లతో కలిసి నవ్వి లేచిపోయేవాణ్ణి. ఈసారి కాగితం మీద పెడుతున్నాను కాబట్టి రాసేస్తాను.

చిన్నమ్మి కాలు తియ్యలేదు. 'అభ్యాసం' అన్న మాట విని కూడా రెండో పాటకు తొక్కింది, మొదటిదానికంటే బాగా తొక్కింది. నేను తెర ఎత్తలేదు. పేరు చెప్పలేదు. బల్లలు తీసేదాకా ముసలమ్మ చెవి వెనక చెయ్యి అలాగే ఉంచింది. చిన్నమ్మి పెడలును కొంగుతో తుడిచి నా చేతికిచ్చి, "కాలు కడుక్కునే తొక్కినాను బాబూ, మట్టంటనేదు" అంది. తరవాతి సంతకు వలిసెల మూటతో మా కొట్టుకే వచ్చింది. నేను తక్కెడ ముల్లుకేసే చూస్తూ తూచాను.

ఆమె కాలు తీసిందనీ, నలుగురూ నన్ను చూసి నవ్వారనీ చెప్పిందంతా నేను కల్పించింది.