కుళాయి దగ్గర నిలిచిన మాట

నర్సమ్మ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసరికి ఆవిడ మాటలు అప్పటికే లేచి పని చేస్తుండేవి. మొదటి ఇంటి గుమ్మంలో "చెప్పులు వేసుకుని వెళ్ళండి" అని ఒకటి, పక్కింటి పెరట్లో "సబ్బుతో కడుక్కోండి" అని ఇంకొకటి, తాపీమేస్త్రీ మంచం పక్కన "ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?" అని మరొకటి. ఎక్కడైనా సరే, ఆవిడ తన పని గురించి అన్న మొదటి మాట ఆ చోటే ఉండిపోయేది. మనిషి అలికిడి వినగానో, ఆ పనికి చెయ్యి పడగానో పలికేది. ఆవిడ సెలవు పెట్టినా దానికి సెలవుండేది కాదు. అదే చోట రెండో మాట మాత్రం ఎంత చెప్పినా నిలిచేది కాదు.

వీధి దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. కొత్తగా అద్దెకు దిగేవాళ్ళు గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయని అడిగినట్టే, నర్సమ్మ మాట ఏ గదిలో ఉందని కూడా అడిగేవాళ్ళు. తాపీమేస్త్రీ తన మంచాన్ని ఆ గదిలో ఉన్న మూలలన్నిటికీ జరిపి చూశాడు. చివరికి ఆ పోరు పడలేక వెళ్ళి కఫం పరీక్ష చేయించుకున్నాడు. మందులు వాడి, ఒళ్ళు చేసి, మళ్ళీ గోడలు కట్టడానికి పోతూ, "నీ మాట నా ప్రాణం తోడేసింది కదమ్మా" అని నర్సమ్మకి దండం పెట్టాడు.

ఇన్ని మాటల్లో ఒక్కటే ఆవిడకి ఎదురు తిరిగింది. వీధి చివర కుళాయి వేసిన కొత్తలో ఆవిడే నీళ్ళు పరీక్షకి పంపించి, బిందెలు పట్టుకుని సందేహిస్తున్న ఆడవాళ్ళతో "నిశ్చింతగా తాగండి, మంచి నీళ్ళు" అంది. అప్పటికది నిజమే. తర్వాత ఏళ్ళు గడిచాయి. నేల కింద మురుగు పైపు పగిలింది, దాని పక్కనే పోతున్న మంచినీళ్ళ పైపు తుప్పు పట్టింది, రెండిటి నీళ్ళూ కలిసిపోయాయి. ఏ ఇంట్లో చూసినా వాంతులు, విరేచనాలు. కుళాయి మాత్రం బిందె పెట్టగానే నర్సమ్మ పడుచు గొంతుతో "నిశ్చింతగా తాగండి" అంటూనే ఉంది.

"ఇవి తాగొద్దమ్మా. వేరే దారి లేకపోతే మరగకాచి, చల్లార్చి తాగండి" అని అసలు నర్సమ్మ ఆ పక్కనే నిలబడి మొత్తుకునేది.

"తాగమనేదీ నువ్వే, వద్దనేదీ నువ్వే. ముందు మీరిద్దరూ తేల్చుకుని రండి" అంది ఒకరోజు దర్జీ తల్లి, బిందె నింపుకుంటూ. "అయినా అప్పట్లో నీ గొంతు ఎంత బాగుండేదో."

దర్జీ ఇల్లు ఆ కుళాయికి ఎదురుగానే ఉంది. వాళ్ళ కోడలి తొలి బిడ్డ విరేచనాలతో ఏడాది నిండకుండానే పోయింది. ఇప్పుడు చంకలో మళ్ళీ ఓ ఆడపిల్ల, నీళ్ళు తాగే వయసుకి వచ్చింది. ఆ పసిదాని గొంతులోకి ఏ నీళ్ళు దిగుతాయన్నదే నర్సమ్మ బెంగ. వంటింట్లో బిందె దగ్గర నిలబడి ఒక్క మాట అనగలిగితే చాలు. కానీ దర్జీ తల్లికి ఆ సంగతి తెలుసు. "చెప్పేదేదో గుమ్మంలో చెప్పమ్మా, నా వంటింట్లో నీ పెత్తనం వద్దు" అనేది. గుమ్మంలో చెబితే లాభం లేదు. అక్కడ "టీకా వేయించారా?" అన్న మాట ఎప్పట్నుంచో పాతుకుపోయి ఉంది.

పైపు మార్పించమని ఆఫీసులో అడగడానికి ఇంకో చిక్కు. నర్సమ్మ తన గదిలోకి వస్తే నోరు విప్పకూడదని ఆరోగ్యాధికారి ఎప్పుడో కట్టడి చేశాడు. ఆవిడ వరండాలో నిలబడి గుమాస్తాతో చెప్పాలి, గుమాస్తా లోపలికి వెళ్ళి చెప్పాలి, జవాబు మోసుకుని రావాలి. ఆ వరండాలో మాత్రం "సార్ ఎప్పుడొస్తారు?" అన్న ఆవిడ మాట రోజంతా పలుకుతూ ఉండేది. పైపు గురించి ఎన్నిసార్లు చెప్పినా లోపల్నుంచి ఒకే జవాబు వచ్చేది.

"జనానికి శుభ్రత తెలీదట. ఇంటింటికీ తిరిగి చేతులు కడుక్కోమని చెప్పమంటున్నారమ్మా" అనేవాడు గుమాస్తా, నేల చూపులు చూస్తూ.

అలా ఉండగా దర్జీ కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మ గుమ్మంలోనే కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా పొట్లం కలిపి, చెంచాతో పట్టిస్తూ పిల్లని గట్టెక్కించింది. పిల్ల కళ్ళు తెరిచి తల్లిని గుర్తుపట్టాక, కోడలు నర్సమ్మ వైపు తిరిగింది.

"ఈసారికి దక్కింది. నువ్వు లేనప్పుడు మా అత్త ఆ నీళ్ళే పోస్తుంది. మా ఆయన వాళ్ళమ్మ మాటే వింటాడు. నా మాటకి ఈ ఇంట్లో విలువేముంది నర్సమ్మా?"

"ముందు నువ్వు అనడం మొదలుపెట్టు" అంది నర్సమ్మ. అనేసి లేచి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆఫీసుకి నడిచింది. ఒళ్ళు మండిపోతోంది. ఏ పైపు, ఏ వీధి, ఎంత తొందరగా మార్చాలి అన్నీ ఇమిడేలా ఒక పెద్ద వాక్యం దారి పొడుగునా కూర్చుకుంది. ఒక్కటే నిలుస్తుంది కాబట్టి దాన్ని చక్కగా నిలబెట్టాలి.

"లోపలికి వద్దమ్మా, నాతో చెప్పండి" అంటూ గుమాస్తా అడ్డం వచ్చాడు.

"మీతో చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. తప్పుకోండి."

ఆరోగ్యాధికారి భోజనానికి ముందు మూలనున్న బేసిన్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అద్దంలో ఆవిడని చూసి, వెనక్కి తిరక్కుండానే, "ఏమ్మా, చేతులు కడుక్కోమని వీధిలో చెప్పావా లేదా?" అన్నాడు.

"ఏ నీళ్ళతో సార్?" అంది నర్సమ్మ.

దారంతా కూర్చుకున్న వాక్యం గొంతులోనే ఉండిపోయింది. అయ్యో అనుకుంది ఒక్క క్షణం. అంతలో అధికారి సబ్బు అందుకున్నాడు, బేసిన్ పక్కనుంచి ఆవిడ గొంతే మళ్ళీ అడిగింది. "ఏ నీళ్ళతో సార్?"

అధికారి మొహం కందగడ్డలా అయింది. "నిన్ను బదిలీ చేస్తాను. నోరు మూసుకుని నడువు."

"నేను వెళ్తాను సార్. అది రాదు."

అన్నట్టే బదిలీ అయింది, కొత్త నర్సు వచ్చేదాకా వీధిలో పని చేయమన్నారు. అన్నట్టే ఆ మాట గది వదిలి రాలేదు. అధికారి గ్లాసు ఎత్తితే అడిగేది, చేతులు కడిగితే అడిగేది, శుభ్రత గురించి ఉత్తరం చెప్పి రాయిస్తుంటే వాక్యం వాక్యానికీ అడిగేది. ఫ్యాను పెద్దగా పెట్టుకున్నాడు. రేడియో తెచ్చి పెట్టుకున్నాడు. ఒకరోజు పై ఆఫీసు నుంచి ఒక పెద్ద అధికారిణి తనిఖీకి వచ్చి, చేతులు కడుక్కోవడానికి లేచింది. "ఏ నీళ్ళతో సార్?" అంది బేసిన్.

"ఏ నీళ్ళ గురించి ఇది అడుగుతోంది?" అందావిడ.

అధికారి గొంతు సవరించుకునే లోపు గుమాస్తా ముందుకొచ్చాడు. ఇన్నాళ్ళూ మోసిన మాటలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, ఆవిడ ముందు దించేశాడు. ఆ వారంలోనే పారలు, కొత్త పైపులు వేసుకుని మనుషులు వీధిలోకి దిగారు.

నర్సమ్మ వెళ్ళిపోయే రోజున వీధంతా తవ్వి ఉంది. పాత పైపు ఇంకా తీయలేదు, కుళాయి ఇంకా పాత పాటే పాడుతోంది. ఆవిడ కొత్తగా వచ్చిన నర్సుకి తాళాలు ఇచ్చేసి, దర్జీ గుమ్మం ముందు ఆగింది. కోడలు ఇంట్లో లేదు, మట్టి గుట్ట మీద నిలబడి పైపులవాళ్ళని తొందరపెడుతోంది. లోపల పసిది దాహంతో గుక్కపట్టి ఏడుస్తోంది. దర్జీ తల్లి దాన్ని చంకనేసుకుని బిందె దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచింది.

నర్సమ్మ గుమ్మం దాటి పరిగెత్తబోయింది.

"నా బిడ్డకి కాచని నీళ్ళు పోస్తే ఊరుకోను" అంది బిందె.

అది నర్సమ్మ గొంతు కాదు. ఆవిడ అక్కడే ఆగిపోయింది. దర్జీ తల్లి గ్లాసు పట్టుకుని బిందె వైపు చూసింది, తర్వాత గుమ్మం వైపు చూసింది.

"పొద్దున నా కోడలు అందా మాట. నా కళ్ళలోకి చూస్తూ అంది" అని సణిగింది. "ఒక్కదానితోనే వేగలేక చస్తుంటే ఇప్పుడు ఇద్దరయ్యారు."

గ్లాసు పిల్ల పెదవుల దాకా ఎత్తబోయింది. బిందె మళ్ళీ అంది. ఈసారి ఇంకాస్త గట్టిగా.

ముసలావిడ గ్లాసులో నీళ్ళు గిన్నెలో పోసి, ఇంకో నాలుగు గ్లాసులు ముంచి పోసి, పొయ్యి వెలిగించింది. నీళ్ళు కాగేదాకా పిల్లని ఊపుతూ, కోడల్నీ నర్సమ్మనీ కలిపి తిడుతూనే ఉంది. నర్సమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. నీళ్ళు మరిగి, చల్లారాక, ముసలావిడ చెంచాతో మనవరాలి నోట్లో పోసింది. పిల్ల గుటక వేసి, మళ్ళీ నోరు తెరిచింది.