మంగళవారం నడిచొచ్చినవాళ్లు

పందొమ్మిది వందల నలభై ఏడు, నిజాం రాజ్యంలో సీతాఫలాల కాలం. శుక్రవారం సెలవు దొరికితే పట్నంవాళ్లు ఉందానగర్ స్టేషన్‌లో దిగి, గుట్టల మీది బాట వెంట మామిడిపల్లి దాకా షికారుగా నడిచేవారు. మొదట్లో ఊరు భయపడి తలుపులు వేసుకుంది. ఊరంతా బాపు అని పిలిచే పటేల్ పెంటయ్యే నచ్చజెప్పాడు.

"నడిచొచ్చినోనికి ఆకలైతది. మనం తలుపులేసుకుంటే ఇంకో ఊరోళ్లు పెడ్తరు."

ఆ తర్వాత ఒక ఇల్లు రొట్టెలు కాల్చింది, ఒక ఇల్లు చల్ల పోసింది. జంగమ్మ వంతు గుట్టను పలికించడం. గుట్ట మీద ఉన్న గుహ ఎదుట నిలబడి ఆమె "కూ" అంటే గుట్ట తిరిగి కూసేది. పెంటయ్య ఆ ముచ్చట శంషాబాద్ దాకా చెప్పుకొచ్చాడు.

ఇప్పుడు ఆ గుహలో జంగమ్మ తమ్ముడు మొగులయ్య ఉన్నాడు. సర్కారుకు బలవంతంగా కొలవాల్సిన లెవీ జొన్నలకు వచ్చిన జవానును కొట్టి పారిపోయాడు. శుక్రవారం ఎంత కూత వినబడినా కదలకూడదు. మిగతా రోజుల్లో అక్క కూసిందంటే రొట్టె తెచ్చిందని అర్థం, బయటికి రావాలి. ఈ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

ఒకసారి ముగ్గురు మంగళవారం వచ్చారు. షికారుకు వచ్చేవాళ్ల చేతుల్లో టిఫిన్ గిన్నెలుంటాయి. వీళ్ల చేతులు ఖాళీ. కాళ్లకు ఒకే తీరు బూట్లు.

"జర గుట్టను పలికియ్యి బిడ్డా," అన్నాడు పెంటయ్య.

"ఇయ్యాల శుక్రారం గాదు గదా బాపు."

"గుట్టకు గూడ సెలవుంటదా ఏంది?"

గుహ దగ్గరికి చేరాక జంగమ్మ, "గొంతు పోయింది సాబ్, మీరే కూయుండ్రి," అంది.

పొడుగాయన గుహ మూతిలోకి వంగి చూశాడు. "నీ కూత కోసమే వచ్చినం. కూయి."

"కూయని కోడిని కోసుకతింటరు," అని పక్కవాడు నవ్వాడు.

కూస్తే తమ్ముడు బయటికొస్తాడు. కూయకపోతే వీళ్లే లోపలికి పోతారు. జంగమ్మ కూలబడి గుండెలు బాదుకుంది.

"ఓ నా తమ్ముడా! మట్టిల పండితివారా... ఇగ లేవవురా, లేవవు..."

లేవవు, లేవవు, అంది గుట్ట.

పెంటయ్య తలరుమాలు తీసేశాడు. "మొగులయ్య పోయిండా బిడ్డా? నాకొక్క మాట జెప్పకపోతివి!" చావు కబురు విన్న పెద్దమనిషి కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నాడు. ముసలి కళ్లలోంచి నిజమైన కన్నీళ్లు కారాయి.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పొడుగాయన ఉమ్మేశాడు. "చచ్చినోని కోసం గింత దూరం నడిచినమా?"

బూట్ల చప్పుడు బాట దిగిపోయింది. ఊరికి కబురు చెప్పాలంటూ పెంటయ్య ఏడుస్తూనే లేచి కిందికి నడిచాడు. జంగమ్మ లేవలేదు. గుహలో రాయి ఒకటి దొర్లింది.

"అక్కా," లోపలినుంచి గుసగుస. "ఎవరు పోయిండ్రే?"

"నువ్వే. బాపు ఇంకా దిగుతనే ఉన్నడు, సప్పుడు జేయకు."